మానేసిన సంగతి

ఫిలా అత్త వాకిట్లో కూర్చుని చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతుండగా కడిగిన కారొకటి వచ్చి గేటు దగ్గర ఆగింది. మంచు కరిగి దారులన్నీ బురదయ్యే మార్చి నెలలో ఆ లోయలో ఎవరూ కారు కడగరు. కడిగారంటే బయటివాళ్ళే. ఆమె చేతిలోని గింజల్ని చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

దిగినవాడికి యాభై దాటి ఉంటాయి. బూట్ల బురద గేటు ఇనుముకి రాసి మరీ లోపలికొచ్చాడు. జేబులోంచి గుర్తింపు బిళ్ళ తీసి, ఆమె చదివేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

"తియోఫిలా ట్రుహియో గారేనా అండీ? నా పేరు ప్రూయిట్. ఇసిద్రో గారి గురించి నాలుగు మాటలు అడగాలి. కొండమీద ప్రయోగశాలలో కంచె లోపలి పనికి ఆయన్ని తీసుకునేముందు తెలిసినవాళ్ళని కనుక్కోవడం పద్ధతి."

ఆమె లేచి, ఒళ్ళోని పొట్టు దులుపుకుని, అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళింది. కాఫీ పొయ్యబోతే వద్దన్నాడు.

"మేం ఏమీ తీసుకోకూడదండీ."

"మంచినీళ్ళు కూడానా?"

"మంచినీళ్ళు ఫరవాలేదు."

నీళ్ళు తాగి, కాగితాలు బల్లమీద పెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళుగా తెలుసు, తాగుతాడా, కోపం ఎక్కువా. ఆమె ఒక్కో ప్రశ్నకీ బల్లమీది గుడ్డ ముడతని బొటనవేలితో సాపు చేసి జవాబిచ్చింది.

"విదేశాలవాళ్ళతో స్నేహాలు ఉన్నాయా?"

"వాడికి పక్క లోయవాళ్ళతోనే పడదు."

"ప్రభుత్వాన్ని కూలదోయాలని ఎప్పుడైనా అన్నాడా?"

"కాలువ పెద్దని దింపెయ్యాలన్నాడు ఒకసారి. అది అందరం అన్నాం."

అతను నవ్వలేదు గానీ రాసే చెయ్యి కాస్త ఆగింది. తర్వాత, మిగతావాటిలాగే మామూలు గొంతుతో అడిగాడు.

"మత్తుమందులు వాడడం మీకేమైనా తెలుసా? ఇప్పుడు గానీ, ఇంతకుముందు గానీ."

ఆమె వేలు ముడత దగ్గర ఆగలేదు. "లేదు. ఎప్పుడూ లేదు. సిగరెట్టు కూడా ముట్టడు."

అతను కలం ఎత్తి పట్టుకుని ఆమె వంక చూశాడు. "ఖాయంగా చెప్పగలరా?"

"నా చేతుల్లో పెరిగినవాడు."

అతను రాసుకున్నాడు. లేస్తూ గోడమీది ఫొటో ముందు ఆగాడు. పాత లారీ బానెట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు ఇసిద్రో.

"ఈ రెండో ఆయన?"

"మా అబ్బాయి. ఓర్లాండో."

"ఆయనతో ఒకసారి మాట్లాడవచ్చా?"

"లేడు. గుండె ఆగి పోయాడు."

"క్షమించండి," అన్నాడతను. తన పేరూ ఫోన్ నంబరూ ఉన్న చీటీ బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

కారు కాటన్‌వుడ్ చెట్ల మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడింది. ఎవరు వెళ్తున్నా అలా నిలబడడం ఆమెకి అలవాటు. ఆ రోజు మాత్రం గుండె తేలిగ్గా ఉంది. నోరు జారనందుకు దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకుంది.

కంచెలో తీగ తెగిన చోటునుంచి కాండెలారియా దూరి వచ్చింది. ఆమెకి ఫిలాకంటే రెండేళ్ళు తక్కువ. ఒకరి పిల్లలకి ఒకరు జ్ఞానస్నానంలో తల్లిగా నిలబడిన వరస.

"నా దగ్గరికీ వచ్చాడు వదినా. ఇసిద్రో ఇల్లు ఏది అన్నాడు. నాకు చూపు ఆనదు బాబూ అన్నాను. నా కిటికీలోంచి వాడి ట్రైలర్ ఇంటి మీద మేకులు లెక్కపెట్టచ్చు."

"మందుల సంగతి అడిగాడా?"

"అడిగాడు. ఆ పిల్లాడు గుడికి తప్ప ఎక్కడికీ వెళ్ళడన్నాను. వాడు గుడి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో." కాండెలారియా బల్ల దగ్గర కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంది. "నా భయమల్లా ఈ మోకాళ్ళ నూనె గురించి అడుగుతాడేమోనని. అందులో గంజాయి ఉందిగా. రోడ్డు మీద కొట్లో బిల్లిచ్చి అమ్ముతున్నారు, కొండమీద కేంద్రం వాళ్ళకి మాత్రం నేరమట."

"నీకు కొండమీద ఉద్యోగం ఎవరిస్తారే."

"ఇస్తే?" అంది కాండెలారియా. ఇద్దరూ నవ్వుకున్నారు.

*

శనివారం కాలువ పూడికతీత. ఆ కాలువ నీళ్ళు వాడే ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి పారతో రావాలి. ఫిలా అత్త వంతు కూడా ఇసిద్రోనే తవ్వుతాడు. కాలువ పెద్ద గవీనో కర్రతో కొలిచి గట్టుమీద గీతలు గీసుకుంటూ పోతున్నాడు. గీతకీ గీతకీ మధ్య ఒక్కో మనిషి. తన ముక్క పూర్తయినవాడు పార భుజాన వేసుకుని అందరికంటే ముందుకు నడిచి మళ్ళీ కొత్త గీత దగ్గర దిగాలి. ఇసిద్రో ఒక ముక్క అయ్యాక తన పేరు మీద, ఇంకో ముక్క అయ్యాక ఆమె పేరు మీద దిగుతున్నాడు.

"ఇదిగో, ఇప్పుడు ఈయన ట్రుహియో అమ్మగారు," అన్నాడు గవీనో. "అమ్మగారూ, ఆ విల్లో చెట్టు వేళ్ళు మొదలంటా తియ్యండి."

"నడుం నొప్పి నాయనా, ముసలిదాన్ని," అన్నాడు ఇసిద్రో ఆడగొంతుతో. గట్టంతా నవ్వింది.

మధ్యాహ్నానికి ఆడవాళ్ళు అన్నాలు తెచ్చారు. ఫిలా అత్త మూత బిగించిన గిన్నెలో ఉడికించిన చిక్కుడు గింజలూ, ఎండుమిరప ముద్దలో ఉడికిన పందిమాంసమూ, గుడ్డలో చుట్టిన రొట్టెలూ తెచ్చింది. ఇసిద్రో కాలువలోంచి పైకొచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఆమె పక్కన గట్టుమీద కూర్చున్నాడు. ముప్ఫై దాటినా ఆకలేసినప్పుడు వాడి మొహం పదేళ్ళవాడిదే.

వాడు రెండో రొట్టె విరుస్తుండగా ఆమె నెమ్మదిగా అంది, "ఆయనొచ్చాడు. నీ గురించి అడగడానికి."

"ప్రూయిటా? వచ్చాడా?" వాడి మొహం వెలిగింది. "చెప్పావా?"

"చెప్పకపోవడమేంటి. బంగారంలాంటి పిల్లాడన్నాను. మత్తుమందుల మాట ఎత్తితే సిగరెట్టు కూడా ముట్టడన్నాను. నేనే కాదు, కాండే కూడా."

ఇసిద్రో రొట్టె ముక్కని గిన్నెలో ముంచి అలాగే ఉంచాడు. అది నాని, విరిగి, కారంలో పడిపోయింది. వాడు చూసుకోలేదు.

"ఏంట్రా?"

"అత్తా, నేను దరఖాస్తులో అన్నీ రాశాను."

"ఏం అన్నీ?"

"అన్నీ. మాత్రలు, తర్వాత సూది. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎవరితో. చికిత్సకి వెళ్ళింది, పారిపోయి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆయన ఎదురుగా కూర్చుని అన్నీ మళ్ళీ చెప్పాను."

ఆమెకి వాడి మాటలు వినపడుతున్నాయి గానీ వాటి వెంట మనసు పోవడం లేదు. "నీకు మతి పోయిందిరా? నీ అంతట నువ్వే వాళ్ళతో చెప్పుకోవడమేంటి?"

"వాళ్ళు వాడినందుకు తీసెయ్యరు అత్తా. మానేసి ఏళ్ళయి, మళ్ళీ ముట్టకపోతే తీసుకునేది ఆలోచిస్తారు. దాచినవాణ్ణి మాత్రం తీసేస్తారు. ఇవాళ ఇది దాచినవాడు రేపు ఇంకేదన్నా దాస్తాడని." వాడు గిన్నె కింద పెట్టాడు. "మానేశానని ఎవరు చెప్పగలరు అని అడిగాడు. నీ పేరొక్కటే ఇచ్చాను. వాడినప్పుడు చూసిందీ, మానేసినప్పుడు చూసిందీ నువ్వొక్కదానివే. అసలు వాడనేలేదని నువ్వంటే, మానేసిన సంగతి ఎవరు చెప్తారు?"

కాలువ అవతలి గట్టున ఎవరో పార అంచు రాయికేసి గీస్తున్నారు. ఆమె మిగిలిన రొట్టెల్ని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"ఇప్పుడేమవుతుంది?"

"ఏమో. ఇద్దరిలో ఒకరు అబద్ధం అనుకుంటారు. నన్ను లోపలికి తీసుకోకపోతే కంచె బయట ఇప్పుడు చేస్తున్న పైపుల పని ఈ వేసవితో ఆఖరు." వాడు దూరంగా కొండవైపు చూశాడు. "మా కజిన్ టెక్సాస్ నూనెబావుల్లోకి రమ్మంటున్నాడు. అక్కడ ఎప్పుడూ మనుషులు కావాలట."

ఆ కజిన్ ఎలా ఉన్నాడో ఆమెకి తెలుసు. పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడు బల్ల దగ్గర కూర్చునే నిద్రపోయాడు, కళ్ళు సగం తెరిచి.

"నీ మీద కోపం లేదు," అన్నాడు ఇసిద్రో లేచి పార తీసుకుంటూ. "మనూళ్ళో ఎవరైనా అలాగే చెప్తారు. నేనే ముందు నీతో చెప్పుండాల్సింది. నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా, ఎవరికీ చెప్పవనుకున్నాను."

వాడు మళ్ళీ కాలువలోకి దిగాడు. "ఎవరి వంతురా ఇది?" అని గవీనో అరిచాడు. వాడు జవాబివ్వకుండా తవ్వుతున్నాడు. ఆమె వంతే.

*

ఆదివారం ఆమె చీటీ పట్టుకుని ఫోన్ దగ్గర కూర్చుంది, లేచింది, పొయ్యిలో కట్టె పెట్టింది, మళ్ళీ కూర్చుంది. ఆ లోయలో ఎవరి గురించైనా అడగడానికి బయటివాళ్ళు వస్తే అది తీసుకుపోవడానికే. యుద్ధానికి తీసుకుపోవడానికి ఒకప్పుడు, జైలుకి తీసుకుపోవడానికి తర్వాత. చెప్పినవాళ్ళ పిల్లలు వెళ్ళారు, చెప్పనివాళ్ళ పిల్లలు కొన్నాళ్ళు ఆలస్యంగా వెళ్ళారు. ఆ కాస్త ఆలస్యం కోసమే అందరూ నోరు మూసుకునేవారు. ఇప్పుడు నోరు మూసుకుంటే పిల్లాడు పోయేలా ఉన్నాడు. దీనికి ఆమె దగ్గర అలవాటైన దారి లేదు.

సోమవారం పొద్దున్నే నంబరు నొక్కింది. "నేను సరిగ్గా చెప్పలేదు," అంది. మంగళవారం వస్తానన్నాడు ప్రూయిట్.

ఈసారి కారు బురదతో ఉంది. అతను పోయినసారి కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. ఆమె అడక్కుండానే నీళ్ళు పెట్టింది. తను కూర్చోలేదు. కుర్చీ వీపు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది.

"వాడు వాడేవాడు," అంది.

"ఎలా తెలుసు మీకు?"

"ఇంటెనక ఆ కొట్టం కనిపిస్తోందా? అందులో. మా ఓర్లాండో, వాడు. ఇద్దరూ కలిసే. నేను అరిచాను, ఏడ్చాను, తాళం వేశాను. కిటికీలోంచి దూరేవాళ్ళు."

అతను రాస్తున్నాడు. తల ఎత్తలేదు. అందుకు ఆమెకి కృతజ్ఞతగా అనిపించింది.

"మా అబ్బాయి గుండె ఆగి పోయాడన్నాను మీతో. ఊళ్ళో అందరికీ అదే చెప్పాను. అందరికీ తెలుసు, అందరూ సరేనన్నారు." ఆమె కుర్చీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "ఆ రోజు నేను చిక్కుడు గింజలు ఉడకబెట్టి, తినడానికి రమ్మని పిలవడానికి వెళ్ళాను. ఇద్దరూ నేలమీద ఉన్నారు. జిల్లా నర్సమ్మ ఇచ్చిన మందు నా దగ్గర ఉంది, మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే ముక్కులో కొట్టేది. ఒక్కటే ఉంది."

ప్రూయిట్ కలం ఆగింది.

"ముందు ఓర్లాండో చెంప ముట్టుకున్నాను. ముట్టుకోగానే నా చేతికి తెలిసిపోయింది. వీడు మాత్రం గురక పెడుతున్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. వీడికి కొట్టాను. లేచాడు. లేచి వాణ్ణి చూశాడు. ఆ తర్వాత ఒకసారి చికిత్సనుంచి పారిపోయి వచ్చాడు, ఈ గుమ్మందాకా. నేను తలుపు తియ్యలేదు. గుమ్మంలోనే కూర్చుని, కూర్చుని, తిరిగి వెళ్ళాడు. ఆ వెళ్ళడమే మానెయ్యడం. మళ్ళీ ముట్టలేదు. నాకు తెలుసు, రోజూ ఇక్కడే తింటాడు. చేతులు చూస్తాను, కళ్ళు చూస్తాను. వాడికి తెలుసు నేను చూస్తానని. అన్నం పెట్టేముందు చొక్కా చేతులు తనే పైకి మడుస్తాడు."

ఇది ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. చెప్తే ఇల్లు కూలిపోతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. గోడలు అలాగే ఉన్నాయి. పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి.

"పోయినసారి ఎందుకు కాదన్నారు?"

"మీరు తీసుకుపోవడానికి వచ్చారనుకున్నాను."

అతను అది కూడా రాసుకున్నాడు. "ఆఖరు ప్రశ్న. దేశం రహస్యాలు అప్పగించదగ్గ మనిషేనా?"

ఆమె ఆలోచించింది. "దేశం సంగతి నాకు తెలీదండీ. పోయిన వేసవి కాలువలో నీళ్ళు లేవు. వంతు వంతుకీ తూము ఎత్తాలి, దించాలి. చూసేవాళ్ళు ఉండరు. కాలువ పెద్ద కూడా తన చేనుకి పావుగంట ఎక్కువ నీళ్ళు పెట్టుకున్నాడు, నేను చూశాను. వీడి మొక్కజొన్న ఎండిపోతోంది. నా వంతు నీళ్ళు వీడి చేను పక్కనుంచే నాకు రావాలి. ఒక్క చుక్క తిప్పుకోలేదు. అక్కడ నిలబడి, ఎండిపోయే తన చేను చూస్తూ, నా నీళ్ళు నాకు వదిలాడు."

"గవీనో గారు ఈ మాట చెప్పలేదు," అన్నాడు ప్రూయిట్. మొదటిసారి అతని పెదాలమీద నవ్వు కదిలింది.

"ఎందుకు చెప్తాడు."

అతను కాగితాలు సర్ది సంచీలో పెట్టాడు. లేచాడు. గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాడు. టోపీ చేతిలో తిప్పుతున్నాడు.

"ఇది పనికి సంబంధించింది కాదు. రాసుకోను," అన్నాడు. "ఆ మందు. చేతులు వణకలేదా మీకు? కాగితంమీద చదివాను, ఎన్నోసార్లు చదివాను. తీరా ఆ సమయం వస్తే చెయ్యగలనో లేదో తెలీడం లేదు."

ఆమె అతని మొహం చూసింది. ఇన్ని ఇళ్ళలో ఇన్ని ప్రశ్నలు అడిగినవాడు, తనింటి గురించి అడగడానికి ఎవరూ దొరకనివాడిలా ఉన్నాడు.

ఎవరికని ఆమె అడగలేదు. పొయ్యి పక్క అరమీద, అందరికీ కనిపించేచోట ఉన్న మందు పెట్టె తీసుకొచ్చింది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక చేత్తో అతని మెడ వెనక పట్టి తల వెనక్కి వంచింది.

"ఇలా. తల ఇలా ఉండాలి. దీని మొన ముక్కులో, వేళ్ళు ముక్కుకి తగిలేదాకా పెట్టాలి, భయపడి పైపైన కొట్టకూడదు. ఒక్కసారే నొక్కాలి. చేతులు వణుకుతాయి, వణకనివ్వండి. వణికినా పనిచేస్తుంది. కొట్టాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, అంబులెన్సుకి చెప్పండి, పేరు పెట్టి పిలుస్తూ ఉండండి."

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఆమె అతని చేతికి ఆ మందు ఇచ్చి, తను కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చింది. "ఇప్పుడు మీరు చెయ్యండి. నొక్కకండి, ఊరికే."

అతను వంగి, ఆమె మెడ వెనక చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది. అయినా సరిగ్గానే పట్టుకున్నాడు.

"సరిగ్గానే ఉంది," అందామె కళ్ళు మూసుకునే. "ఇంట్లో ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి."

"రెండు పెట్టుకోండి."

అతను తలూపాడు. గేటు దాటాక వెనక్కి తిరిగి, "జొవాన్," అన్నాడు. "మా అమ్మాయి." కారెక్కాడు.

సాయంత్రం ఇసిద్రో వచ్చేసరికి ఆమె కాండెలారియాతో కంచె దగ్గర మాట్లాడుతోంది. కాండెలారియా కళ్ళు తుడుచుకుంటూ వాణ్ణి చూసి, "నేనూ ఫోన్ చేశానురా, నువ్వు గుడికి వెళ్ళవని చెప్పేశాను," అంది. "మోకాళ్ళ నూనె సంగతి కూడా చెప్పేశాను, పీడా పోయింది."

వాడు ఫిలా అత్త వంక చూశాడు. ఆమె తలూపింది.

"ఓర్లాండోది కూడానా?"

"వాడిది కూడా."

వాడు కంచె గుంజకి ఆనుకుని ఇంటెనక కొట్టంవైపు చూశాడు. తర్వాత, "థాంక్స్ అత్తా," అన్నాడు, పదేళ్ళవాడు అన్నంత చిన్నగా.

*

నిర్ణయం వేసవి చివర, మిరపకాయలు కాల్చే రోజుల్లో వచ్చింది. అవునన్నారు. కొండమీద వాళ్ళు ఇంకోసారి పిలిచి అడిగి, మళ్ళీ ఎప్పుడైనా ముట్టుకుంటే ఉద్యోగం ఉండదని సంతకం తీసుకుని, మెడలో వేసుకునే బిళ్ళ ఇచ్చారు.

లోపలి పనికి వెళ్ళిన మొదటిరోజు ఇసిద్రో నేరుగా ఆమె ఇంటికే వచ్చాడు. ఆమె కాల్చిన మిరపకాయలకి తొక్కలు తీస్తోంది. వేళ్ళు మండకుండా పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టుకుంది. వాడు చేతులు కడుక్కుని, చొక్కా చేతులు పైకి మడిచి, ఎదురుగా కూర్చుని తనూ ఒక కాయ తీసుకున్నాడు.

"ఎలా ఉందిరా లోపల?"

"బాగుంది."

"ఏం పనిచ్చారు?"

"చెప్పకూడదత్తా."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

ఆమె తొక్క తీస్తున్న కాయతో అలాగే ఆగి, వాడి మొహం చూసింది. ఈ ఇంట్లో చెప్పకూడని మాటలు ఎన్నో ఉండేవి. ఒక్కటీ ఇలా నవ్వుతూ రాలేదు. దేవుడికి చెప్పాలో, బురద కారు మనిషికి చెప్పాలో, ఎవరికి చెప్పాలో తెలీని ఒక థాంక్స్ గొంతుదాకా వచ్చి అక్కడే వెచ్చగా ఉండిపోయింది.

"పోనీ తిన్నావా? అదన్నా చెప్పచ్చా?"

"అది చెప్పచ్చు," అన్నాడు ఇసిద్రో. "తినలేదు."

ఆమె చేతులు చన్నీళ్ళలో ముంచి, గుడ్డకి తుడుచుకుని, కంచం తేవడానికి లేచింది.